రెండు చుక్కల పిన్ను

“నాలుగింటికి కోర్టు. మూడున్నరకు జీపు కదులుతుంది. అందాకా మీ ఇష్టం. తోటంతా తిరగండి, కావాలంటే పూలు కోసుకోండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ త్రిమూర్తులు.

డిటెక్టివ్ బసవరాజు జేబుగడియారం తీసి చూశాడు. ఒకటీ నలభై.

“పూలు మీరే కోసుకోండి. నాకు బండి చూపెట్టండి.”

నాచారంలో విరజా పంపుల ఫ్యాక్టరీ వెనుక గులాబీ తోట అది. గురువారం ఫ్యాక్టరీ వార్షికోత్సవం. పెద్దవాళ్లు వస్తారని తోటను కొత్తగా దున్నించి మడులు కట్టిస్తున్నారు. నిన్న, మంగళవారం పొద్దున, ఆ పని చేస్తున్న మాలీ అబ్బయ్య దున్నే యంత్రం కింద పడి చనిపోయాడు. ఒళ్లంతా రక్తంతో అతని పక్కన దొరికినవాడు బామ్మర్ది సంజీవరావు, అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. సాయంత్రం అయిదింటికల్లా త్రిమూర్తులు అతన్ని హత్యానేరం కింద లాకప్పులో వేశాడు.

ఈ పొద్దున అబ్బయ్య భార్య లూర్దమ్మ మౌలాలిలోని బసవరాజు ఇంటికి వచ్చింది. బసవరాజు అప్పుడు నుదుట విభూతి పెట్టుకుని పూజలో కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి అన్నది: “మొగణ్ని మట్టిల పెట్టాలె. తమ్మునికి ఉరిశిక్ష ఏయిస్తమంటున్రు. ఒక్కదాన్ని, ఒక్కనాడే రెండూ ఎట్ల సూడాలె సారూ?”

పూజ మధ్యలో లేవకూడదని బసవరాజుకు తల్లి నేర్పింది. అయినా లేచాడు. దేవుడు దాన్ని తప్పు పడతాడా పట్టడా అన్నది సాయంత్రం ఆలోచించుకోవచ్చనుకున్నాడు.

రైల్వేలో ప్రమాదాల విచారణ విభాగంలో పదేళ్లు పనిచేసి బయటికి వచ్చినవాడు బసవరాజు. యంత్రం దగ్గర మనిషి చనిపోతే ముందు యంత్రాన్ని అడగాలి, తర్వాతే మనుషుల్ని అడగాలి అన్నది అక్కడ అబ్బిన పద్ధతి.

ఆ దున్నే యంత్రం, టిల్లరు, గోడ దగ్గరే ఉంది. ముందు ఇంజను, దాని కింద రెండు చక్రాలు. చక్రాల వెనుక కొక్కేల్లా వంగిన కత్తులు. వాటి వెనుక రెండు పొడుగాటి పిడులు. పిడులు పట్టుకుని మనిషి వెనక నడుస్తాడు. బండి ముందుకు పోతున్నంతసేపు కత్తులు మనిషికి దూరంగా పోతుంటాయి. రివర్సు వేస్తే అవే కత్తులు తిరుగుతూ మనిషి మీదికి వస్తాయి. అందుకే తయారుచేసినవాళ్లు గేర్ల పెట్టె పక్కన చిటికెనవేలంత పిన్ను ఒకటి పెట్టారు. రివర్సు పడితే కత్తులు తిరగకుండా అది ఆపేస్తుంది. పనివాళ్లు దాన్ని అడ్డుపిన్ను అంటారు.

త్రిమూర్తులు లాఠీ కొసతో ఆ పిన్నును చూపించాడు.

“చూశారా? ఉంది. పంచనామాలో కూడా రాశాను. యంత్రం లోపం లేదు. గేరు న్యూట్రల్లో ఉంది, ఇంజను ఆగి ఉంది. యంత్రం తప్పు లేకపోతే మనిషి తప్పు. ఇంత చిన్న విషయానికి మీరు మౌలాలి నుంచి రావాలా?”

“పిన్ను గురించి రాయాలని మీకెట్ల తెలిసింది?”

“మేనేజరు జనార్ధనరావుగారు దగ్గరుండి చూపించారు. చదువుకున్నాయన. మీలా నుదుట బూడిద పూసుకుని అనుమానాలు పెంచుకునే రకం కాదు.”

“బూడిద సంగతి వదిలిపెట్టండి. సంజీవరావు మీద మీకున్న ఆధారమేంది?”

“సోమవారం కాంటీన్ ముందు అబ్బయ్యా వాడూ కొట్టుకునేంత పని చేశారు. ఇరవై మంది చూశారు. మంగళవారం వాడి డ్యూటీ ఎనిమిదింటికి. ఏడున్నరకే గేటు దాటాడు. మేనేజరుగారి కోసం ఆయన గది ముందు కూర్చున్నానంటాడు, చూసినవాళ్లు లేరు. ఏడూ ముప్పై అయిదుకు ఇంజను చప్పుడు ఆగిందని వాచ్‌మన్ చెప్పాడు. గొడవ, టైము, రక్తం. ఇంకేం కావాలి?”

“కేక ఎన్నింటికి వినబడ్డది?”

“ఎనిమిదీ అయిదుకు.”

“కేక పెట్టింది?”

“వాడే. నాటకం.”

“డాక్టరు ఏమన్నడు?”

త్రిమూర్తులు చిరాగ్గా కాగితం తిప్పాడు. “తొడ కింద తెగింది. రక్తం మెల్లగా పోయి, దాదాపు అరగంటకు ప్రాణం పోయింది.”

“గుడ్డ బిగించి కట్టి ఉంటే?”

“బతికేవాడేమో. ఇప్పుడా మాట దేనికి?”

బసవరాజు గొంతు మొదటిసారి పెరిగింది. “దేనికా? ఏడూ ముప్పై అయిదుకు ఇంజను ఆగింది. కింద పడ్డ మనిషి లేచి ఆపలేడు, ఇంకెవరో ఆపిన్రు. ఎనిమిదీ అయిదు దాకా ఎవరూ కేక పెట్టలే. ఆ అరగంట ఎవరిది ఇన్‌స్పెక్టర్‌గారూ? చంపినోడు ఇంజను ఆపి, అరగంట పక్కన కూసుని, నేనున్నా రాండ్రి అని అరుస్తడా?”

“గొంతు తగ్గించండి. మీరిక్కడ నా అనుమతితో ఉన్నారు.”

బసవరాజు మోకాళ్ల మీద కూర్చుని నేల చూశాడు. దున్నిన చాలు జానెడు లోతున తిన్నగా వచ్చి గోడ ముందు ఆగింది. కత్తులున్న చోట మాత్రం మూరెడు లోతు గొయ్యి పడింది. గొయ్యి అడుగున మట్టి నల్లగా, అట్టకట్టి ఉంది. అతను ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేచి సున్నం వేసిన గోడ మీద చెయ్యి పెట్టాడు. నడుమెత్తున రెండు నల్లటి రబ్బరు మరకలు. వాటి మధ్య దూరం మూడు జానలు. పిడుల మధ్య దూరం కొలిచాడు. మూడు జానలు.

“పిడులు గోడకు ఆనుకుని రుద్దుకున్నయి. కత్తులు ఒక్కచోటనే తిరిగి గొయ్యి తోడినయి. అంటే బండి వెనక్కి పోతున్నది, గోడ ఆపింది, కత్తులు ఆగలే. అబ్బయ్య గోడకూ బండికీ మధ్యల ఇరుకున్నడు. ఇది రివర్సు.”

“సంజీవరావు బండిని వెనక్కి లాగి ఉండొచ్చుగా?”

“గేరుల ఉన్న బండిని ఒక్క మనిషా? లాగండి, నేను సూస్త.”

త్రిమూర్తులు కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. బండిని గేరులో పెట్టి కానిస్టేబుల్ పిడులు పట్టుకుని లాగాడు. చెప్పులు జారి కూలబడ్డాడు, బండి కదల్లేదు.

“ఇగ మీరు లాగుతరా?” అన్నాడు బసవరాజు.

“వెటకారం వద్దు! పిన్ను ఉండగా రివర్సులో కత్తులు తిరగవు. ఆ ముక్క మేనేజరుగారే చెప్పారు. మీ మాట నిజమైతే పిన్ను ఉండకూడదు. ఉంది కదా?”

“అదే నేనూ అడుగుతున్న. ఎట్లున్నది?”

అని బసవరాజు వంగి, పిన్ను జారకుండా పట్టి ఉంచే సన్నటి చీలను వంచి, పిన్నును బయటికి లాగేశాడు. త్రిమూర్తులు అతని భుజం పట్టుకుని గుంజాడు.

“పంచనామా అయిన వస్తువు ముట్టుకోవడానికి నువ్వెవరివయ్యా? నిన్నూ లోపల వేస్తాను!”

“ఏయండి! ముందు ఇది సూసి ఏయండి!” బసవరాజు అతని చెయ్యి విదిలించాడు. “పిన్ను తలకాయ మీద చుక్క రక్తం లేదు. శుభ్రంగ గ్రీసున్నది. తలకాయ కింద దాగిన ఇనుము మీద సూడండి. ఎండిన రక్తం. పిన్ను ముందు నుంచే ఉంటే తలకాయ కిందికి రక్తం ఎట్ల పోయింది? రక్తం చిందినంక పిన్ను పెట్టిన్రు. మనిషి కింద పడి ఉంటే, వాణ్ని లేపలేదు. పిన్ను పెట్టిన్రు!”

కానిస్టేబుల్ వంగి చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. త్రిమూర్తులు కూడా చూశాడు. మొహం ఎర్రబడింది. అది బసవరాజు మీది కోపమో, తన మీది కోపమో అతనికే తెలియాలి.

బసవరాజు పిన్నును వెలుతురులో తిప్పాడు. తల పక్కన సన్నగా రెండు చుక్కలు పొడిచి ఉన్నాయి. అలాంటి చుక్కల్ని అతను రైల్వే షెడ్డుల్లో వందసార్లు చూశాడు.

“ఇక్కడ మెకానిక్కు ఎవరు?”

“భూషణం. వాడు నిన్న ఊళ్లో లేడు.”

“పిలవండి.”

భూషణం యాభై ఏళ్లవాడు. చేతులు నూనెగుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. బసవరాజు అడక్కముందే అతని చూపు పిన్ను మీద పడింది.

“మౌలాలి షెడ్డుల పనిచేసినవా అన్నా?”

“పన్నెండేండ్లు జేసిన సార్.”

“ఈ చుక్కలు నీవేనా?”

“నావే. అక్కడి అలవాటు సార్. ఇప్పిన ప్రతి సామాను మీద బండి గుర్తు కొడ్త, ఏ బండిది ఆ బండికే పోవాలె గద. మాకాడ టిల్లర్లు రెండున్నయి. ఒకటో బండికి ఒక చుక్క, రెండో బండికి రెండు.”

“ఇది ఏ బండి?”

“ఒకటోది.”

“మరి రెండు చుక్కల పిన్ను ఇండ్ల ఎందుకున్నది?”

“నాకు తెల్వదు. ఒట్టు సార్. నిన్న పొద్దుగాల ఆరింటికే నేను సికింద్రాబాదు పోయిన, బేరింగుల కోసం. మాపటికి వచ్చిన.”

“ఒకటో బండి పిన్ను ఏడున్నది?”

భూషణం మేనేజరు గది వైపు చూసి తల దించుకున్నాడు. “పది రోజుల కింద తీసేసిన. తియ్యమన్నరు. మడులు చిన్నయి, రెండు దిక్కుల గోడలు. గోడ కాడికి పోయినప్పుడల్లా కత్తులు ఆపి, రివర్సు ఏసి, మల్ల కత్తులు ఏసుడుతోని సగం పొద్దు పోతుందన్నరు. గురువారం లోపట తోట కావాలన్నరు.”

“ఎవరన్నరు?”

“నౌకరి సార్... పిల్లలున్నరు.”

“అబ్బయ్యకు లేకుండెనా?” బసవరాజు అరిచాడు. “తీసిన పిన్ను ఏంజేసినవ్?”

“అబ్బయ్యే అడిగి తీసుకపోయిండు.”

అప్పటిదాకా చెట్టు కింద నిలబడ్డ లూర్దమ్మ ముందుకు వచ్చింది. కొంగుముడి విప్పింది. ముడిలో చిటికెనవేలంత ఇనుప పిన్ను ఉంది. బసవరాజు అందుకుని చూశాడు. తల పక్కన ఒకే చుక్క.

“బాప్తిస్మం కాయితాల పెట్టెల పెట్టిండు. పొద్దుగాల తీస్తే దొరికింది,” అన్నది లూర్దమ్మ. “బేస్తారం పెద్దసార్లు వస్తరు గద, వాళ్ల ముంగట పెట్టి అడుగుత అన్నడు. నా తమ్ముడు అన్నడు, అందాక ఎవడు బతకాలె బావా, రేపటిసంది ఆ బండి ముట్టకు అన్నడు. సోమారం కాంటీన్ కాడ జరిగిన లొల్లి గదే. బండి ముట్టకుంటే పని తీసేస్తరని ఈయన, ముడితే సస్తవని వాడు. దాన్నే మీరు పగ అని రాసిన్రు.”

త్రిమూర్తులు తడబడ్డాడు. “ఈ సంగతి నిన్న నాకెందుకు చెప్పలేదమ్మా?”

“ఎవలడిగిన్రు?” లూర్దమ్మ కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. “నీ మొగుడు తాగుతడా అని అడిగినవ్. నీ తమ్ముడు కొడతడా అని అడిగినవ్. ఎట్ల సచ్చిండని అడిగినవా సారూ?”

త్రిమూర్తులు ఏదో అనబోయేలోగా బసవరాజు చెయ్యెత్తి ఆపాడు. అతని మొహం మారిపోయింది. రెండు పిన్నులూ అరచేతిలో పక్కపక్కన ఉన్నాయి.

“భూషణం, రెండో బండి ఏది?”

“నిన్నంత షెడ్డులనే ఉండె. ఇయ్యాల పదింటికి ఉప్పల్ పంపిన్రు. ఆఫీసర్ల క్వార్టర్ల కాడి తోట దున్నాలెనని.”

“ఎవరు నడుపుతున్నరు?”

“రామకృష్ణ. ఆఫీసుల అటెండరు. అబ్బయ్య లేడు, సంజీవరావు లాకప్పుల ఉన్నడు. వాణ్నే పంపిన్రు. అబ్బయ్య నడుపుతుంటె సూసిండు, అంతే. ఏ గోడ కాడికి పోయినా రివర్సే ఏస్తడు సార్...” భూషణం మాట మధ్యలో ఆగిపోయింది. “ఓ ప్రభువా. దానికి పిన్ను లేదు.”

రెండూ యాభై రెండు. బసవరాజు మేనేజరు గదికి పరుగెత్తాడు. మిగతావాళ్లు వెంటపడ్డారు.

జనార్ధనరావు బల్ల వెనుక కూర్చుని ఉత్సవం ఆహ్వానపత్రాలు చూస్తున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా.

“ఫోన్ చెయ్యాలె,” అంటూ బసవరాజు చెయ్యి చాచాడు.

జనార్ధనరావు ఫోన్ మీద చెయ్యి పెట్టాడు. “ఎవరికండీ? ఇది ఫ్యాక్టరీ ఫోను.”

“ఉప్పల్‌కు. రెండో బండి ఆపమని చెప్పాలె. దాని పిన్ను తీసి ఒకటో బండికి పెట్టిన్రు. నిన్న పొద్దున. అబ్బయ్య కింద పడి ఉన్నప్పుడు.”

“ఎవరు పెట్టారు?”

“చెయ్యి తియ్యి!”

“చూడండి బసవరాజుగారూ,” జనార్ధనరావు నెమ్మదిగా అన్నాడు, “నేను నిన్న ఎనిమిదీ పదికి వచ్చాను. పంచనామాలో ఉంది. ఇప్పుడు బండి ఆపమంటే ఏమని చెప్పాలి? పిన్ను లేదని నాకెవరు చెప్పారని అడుగుతారు. మెకానిక్కు పొరపాటుకు ఆఫీసు బాధ్యత తీసుకుంటుందా? ముందు కాగితం రాయండి, విచారణ చేయిద్దాం.”

“అక్కడ మనిషి కాళ్లుంటయి, కాయితంల కాదు, కత్తుల ముంగట!”

త్రిమూర్తులు ముందుకొచ్చాడు. జనార్ధనరావు అతని వైపు ఆశగా చూశాడు. ఇన్‌స్పెక్టరు మేనేజరు మణికట్టు పట్టుకుని ఫోన్ మీంచి లాగి బల్లకేసి కొట్టాడు.

“నా చేత అబద్ధం రాయించావా?” అన్నాడు పళ్ల బిగువున. “నా సంతకంతో?”

ఎక్స్‌చేంజీ తగలడానికి రెండు నిమిషాలు పట్టింది. అవతల గంట మోగుతూనే ఉంది. బసవరాజు పెదవులు కదిలాయి. శివుడి పేరే అనుకున్నాడు. పిలిస్తే వింటాడని నమ్మినవాడికి కూడా ఫోన్ ఎత్తడానికి ఒక మనిషి కావాలి గదా.

“హలో, క్వార్టర్ల ఆఫీసు. సూర్యకళను మాట్లాడుతున్నాను.”

“ఇన్‌స్పెక్టర్ త్రిమూర్తులు! మీ తోటలో టిల్లరు నడుస్తోందా?”

“ఆఁ, కిటికీ కిందే. ఇప్పుడే మొదలుపెట్టాడు. చెవులు చిల్లులు పడుతున్నాయి. గోడ దాకా వచ్చాడండీ.”

“వెంటనే ఆపమనండి! రివర్సు వెయ్యొద్దనండి! పరుగెత్తండి!”

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. కిటికీ రెక్క తెరిచిన చప్పుడు. తర్వాత ఇంజను. త్రిమూర్తులు రిసీవరును చెవికి దూరంగా పట్టుకున్నాడు. గదిలో అందరికీ వినిపిస్తోంది. డగడగడగమని ఒకే తీరుగా. సూర్యకళ “రామకృష్ణా! రామకృష్ణా!” అని అరుస్తోంది. ఇంజను చప్పుడు తగ్గింది. గేరు మారినట్టు కటుక్కుమంది. ఆ వెంటనే చప్పుడు బరువెక్కి, మూలుగులా కిందికి దిగింది.

జనార్ధనరావు కుర్చీ తన్నేసి లేచాడు. బల్ల మీద పడి రిసీవరు అందుకున్నాడు.

“రివర్సు వేశాడు! పిడులు వదిలెయ్యమను! పక్కకు దూకమను, వెనక్కి కాదు, పక్కకు! పిన్ను లేదు దానికి! పక్కకూ!”

అవతల ఏదో విరిగిన చప్పుడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

జనార్ధనరావు చెంపల మీదుగా చెమట కారుతోంది. కొంతసేపటికి సూర్యకళ గొంతు రొప్పుతూ వచ్చింది.

“దూకాడండీ. గులాబీ ముళ్లల్లో పడ్డాడు. చెప్పు ఒకటి కత్తుల్లో చిక్కి ముక్కలైంది. కాలు బాగానే ఉంది. ఏడుస్తున్నాడు. ఏమిటండీ ఇదంతా?”

త్రిమూర్తులు రిసీవరు లాక్కుని, “ఆ బండి ఎవరూ ముట్టుకోవద్దు,” అని పెట్టేశాడు. కానిస్టేబుల్ వైపు తిరిగాడు. “స్టేషనుకు పో. సంజీవరావుకు బేడీలు తీసి, టీ ఇప్పించి ఇక్కడికి తీసుకురా. కోర్టుకు వెళ్లే మనిషి మారాడని చెప్పు.”

తర్వాత జనార్ధనరావుకు ఎదురుగా నిలబడ్డాడు.

“చప్పుడు విని రివర్సని గుర్తుపట్టారు. పక్కకు దూకాలని కూడా తెలుసు. నిన్న మీరు ఎన్నింటికి వచ్చారు?”

జనార్ధనరావు పడిన కుర్చీని లేపి కూర్చోబోయి, కూర్చోలేక గోడకు ఆనుకున్నాడు.

“ఏడుంబావుకు, ఆఫీసు వైపు గేటు నుంచి. తొందరగా కానివ్వమని నేనే నిలబడ్డాను. అతను గోడ దగ్గర కత్తులు ఆపబోయాడు. ఆపొద్దు, టైము లేదన్నాను. ఇంజను నేనే ఆపాను. గేరు న్యూట్రల్లోకి తెచ్చాను. లేపుదామనే అనుకున్నాను. తర్వాత పిన్ను లేదన్నది గుర్తొచ్చింది. షెడ్డుకు వెళ్లి రెండో బండిది తీసుకొచ్చాను. దాని చీల ఓ పట్టాన ఊడి రాలేదు. చాలాసేపు పట్టింది.”

“మీరు తిరిగొచ్చేసరికి అబ్బయ్య?” అన్నాడు బసవరాజు.

“స్పృహలోనే ఉన్నాడు.”

“మాట్లాడిండా?”

జనార్ధనరావు కిటికీ వైపు చూశాడు. “నీళ్లడిగాడు.”

గుమ్మం దగ్గర గాజులు కదిలిన చప్పుడైంది. లూర్దమ్మ ఎప్పటినుంచి అక్కడుందో ఎవరూ గమనించలేదు. ఆమె లోపలికి వచ్చి, బల్లకు ఇవతల, జనార్ధనరావుకు ఎదురుగా నిలబడింది. అరవలేదు. మామూలుగా, పక్కింటివాళ్లను అడిగినట్టు అడిగింది.

“ఇచ్చినవా సారూ?”